రెప్ప వాల్చకండి

"గడ్డం ఇక్కడ పెట్టండి. నుదురు ఆ పట్టీకి ఆనించండి. లోపల పచ్చ దీపం కనిపిస్తోందా? దాన్నే చూస్తూ ఉండండి. రెప్ప వాల్చకండి."

రోజుకి నలభై యాభై మందికి ఈ మాటలే చెబుతాను. విశాఖపట్నంలో ఒక కంటి ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళుగా నా పని కంటి వెనక గోడకి, అంటే కంటి తెరకి, ఫొటోలు తియ్యడం. నేను డాక్టర్ని కాను, టెక్నీషియన్ని. అందరూ "ఫొటో మేడం" అంటారు. గడ్డం ఆనించే చోట ప్రతి మనిషికీ స్పిరిట్ దూదితో తుడిచి తుడిచి నా వేలి చివర్లు ఎప్పుడూ పొడిబారి ఉంటాయి.

ఫ్లాష్ వెలిగాక స్క్రీన్ మీద నారింజ రంగులో గుండ్రటి బొమ్మ వస్తుంది. ఒక పక్కన లేత పసుపు బిళ్ళ. చూపు నరం మెదడుకి బయల్దేరేది అక్కడే. ఆ బిళ్ళలోంచి ఎర్రటి తీగలు పైకీ కిందకీ పాకి, చీలి, మళ్ళీ చీలి, సన్నబడి కనపడకుండా పోతాయి. అవి రక్తనాళాలు. ఒంటి మీద గాటు పెట్టకుండా మనిషి రక్తనాళాల్ని నేరుగా చూడగలిగే బహు కొద్ది చోట్లలో ఇదొకటి. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కంట్లోకి చూసే పరికరం తయారుచేసి ఆ కిటికీ తెరిచాడు. ఆయన పుణ్యమా అని నాకు ఉద్యోగం దొరికింది.

షుగరు ముదిరిన వాళ్ళ బొమ్మల్లో ఆ తీగల పక్కన సూదిమొనతో పొడిచినట్టు ఎర్ర చుక్కలుంటాయి. ఇంకొంచెం ముదిరితే వెన్న చిదిపి అంటించినట్టు పసుపు మరకలు. రిపోర్టు చెప్పడం డాక్టరుగారి పని, నేను నోరు మెదపకూడదు. అయినా మనవాళ్ళు నా మొహం చూసి పట్టేస్తారు. "ఏటమ్మా, ఏటైనా ఉందా? నాకు సుబ్బరంగా కనిపిస్తోంది కదా!"

సుబ్బరంగానే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. చూపు మధ్య భాగాన్ని తాకేదాకా ఈ చుక్కలూ మరకలూ చూపుకి అడ్డు రావు, నొప్పి పెట్టవు. అప్పటికి రక్తనాళం లోపల ఏళ్ళ తరబడి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. డిప్లొమాలో దీని గురించి రెండు పేజీలు చదివాను. మిగతాదంతా శనివారం మధ్యాహ్నాలు మా డాక్టర్లు పెట్టుకునే క్లాసుల్లో వెనక వరసలో కూర్చుని విన్నది, అర్థం కానప్పుడు సిగ్గు విడిచి అడిగింది.

ముందు చక్కెర లెక్క చూద్దాం. పెద్దమనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. షుగరు రీడింగు 100 అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 100 మిల్లీగ్రాముల గ్లూకోజు. మొత్తం రక్తానికి లెక్క కడితే 5 గ్రాములు, ఒక టీ చెంచాడు. తల నుంచి కాలి వేలిదాకా తిరిగే రక్తం మొత్తంలో మామూలుగా ఉండేది అంతే. 300 ఉన్నవాళ్ళ రక్తంలో మూడు చెంచాలు. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. రెండు చెంచాల తేడాకేనా ఇంత అనర్థం?

ఆ తేడా ఎవరికి తగులుతుందో చూస్తే అర్థమవుతుంది. రక్తనాళం అంటే మనకి గొట్టమే గుర్తొస్తుంది, కుళాయి పైపులాంటిది. ఆ గొట్టం లోపలి గోడ మొత్తం ఒక కణాల పొర పరుచుకుని ఉంటుంది, చపటా బండలు పరిచినట్టు. మందం ఒకే ఒక్క కణం. దీన్ని ఎండోథీలియం అంటారు. పేరు నోరు తిరక్కపోతే లోపలి పొర అనుకుందాం. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనికైనా, ఎర్ర రక్తకణం మడతపడి దూరాల్సినంత సన్నటి కేశనాళికకైనా లోపల ఉండేది ఈ పొరే. రక్తంలో ఏది ఎక్కువైనా, ఏది తక్కువైనా మొట్టమొదట తగిలేది దీనికే.

చాలాకాలం ఈ పొరని ఎవరూ పట్టించుకోలేదు. గొట్టానికి వేసిన అస్తరు అనుకున్నారు. దాని విలువ బయటపడిన కథ నాకు మహా ఇష్టం, ఎందుకంటే అందులో మలుపు తిప్పింది మాలాంటి ఒక టెక్నీషియన్ చేసిన పొరపాటు. అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు ధమనిని సన్నటి పట్టీలుగా కోసి, మందు చుక్కలు వేసి, అది ముడుచుకుంటుందా వదులవుతుందా అని చూసేవాడు. ఎసిటైల్‌కోలిన్ అనే మందు వేస్తే ఏళ్ళ తరబడి ఆయన దగ్గర పట్టీ ముడుచుకుంటూనే వచ్చింది. 1978లో ఒకరోజు టెక్నీషియన్ వరస తప్పి ప్రయోగం చేశాడు. ఈసారి ధమని ముక్క వదులైంది! ఎందుకా అని తవ్వుకుంటూ పోతే తేలిందేమిటంటే, అన్నేళ్ళూ కోసేటప్పుడు పట్టీ లోపలి వైపు దేనికో రుద్దుకుని ఆ ఒంటి పొర ఊడిపోతోంది. పొర ఉంటే నాళం వదులవుతుంది, పొర పోతే ముడుచుకుంటుంది. ఆ పొర వదిలే సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తెలిసింది. 1998లో ఫర్చ్‌గాట్‌కీ, మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఆ వాయువు చేసే పని చిన్నది కాదు. నాళాన్ని వదులు చేసి రక్తం సాఫీగా పోనిస్తుంది, రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది, తెల్ల కణాలు గోడకి అతుక్కోకుండా ఆపుతుంది. లోపలి పొర ఆరోగ్యంగా ఉందా అంటే, నైట్రిక్ ఆక్సైడ్ సరిపడా వదులుతోందా అని అడిగినట్టే లెక్క.

షుగరు దెబ్బ సరిగ్గా ఇక్కడే పడుతుంది. ఒంట్లో చాలా కణాలకి చక్కెర ఎంత తీసుకోవాలో అదుపు ఉంది. కండరాల కణాల తలుపు ఎక్కువగా ఇన్సులిన్ వచ్చి చెబితేనే తెరుచుకుంటుంది. మరికొన్ని కణాలు బయట చక్కెర పెరిగిందని తెలియగానే తమ తలుపుల సంఖ్య తగ్గించుకుంటాయి. లోపలి పొర కణాలకి ఆ నేర్పు లేదు. వాటి తలుపులు ఇన్సులిన్‌తో పని లేకుండా తెరిచే ఉంటాయి, బయట చక్కెర పెరిగినా మూసుకోవు. బయట 100 ఉంటే లోపలికి దానికి తగ్గట్టు, 300 ఉంటే దానికి తగ్గట్టు. కంటి తెర, మూత్రపిండం, నరాల చుట్టూ ఉండే సన్న నాళాలు షుగరుకి ముందుగా బలయ్యేది అందుకే.

లోపలికి అంత చక్కెర వచ్చిపడితే కణం ఏం చేస్తుంది? కాలుస్తుంది. మా నాన్నకి అనకాపల్లి దగ్గర ఊళ్ళో బెల్లం గానుగ ఉండేది. చెరుకు పిప్పితో పొయ్యి మండించేవాళ్ళు. పిప్పి పట్టినంతే వేస్తే మంట ఎర్రగా, పొగ లేకుండా మండుతుంది. తొందరపడి ఎక్కువ కుక్కితే పొగ కమ్మేసి పెనం దగ్గర నిలబడలేం. కణంలో పొయ్యి పేరు మైటోకాండ్రియా. చక్కెర ఎక్కువైనప్పుడు దాన్నుంచి సూపరాక్సైడ్ అనే పొగ ఎగుస్తుంది. ఆ పొగ చేసే మొదటి పాపం, పైన చెప్పిన నైట్రిక్ ఆక్సైడ్‌ని పట్టి మింగెయ్యడం. రెండూ కలిసి ఇంకా ఘాటైన విషమవుతాయి. నాళం వదులు కావడం మానేస్తుంది. తెల్ల కణాలు గోడకి అతుక్కోవడం మొదలవుతుంది.

ఆ పొగ రెండో పాపం కూడా చేస్తుంది. కణంలో చక్కెర మెట్లు మెట్లుగా విరుగుతుంది. పొగ వల్ల ఆ మెట్లలో ఒకటి మూసుకుపోతుంది. వెనక నుంచి చక్కెర వస్తూనే ఉంటుంది, ముందుకి దారి లేదు. అప్పుడది సందుల్లోకి మళ్ళుతుంది. ఒక సందులో సార్బిటాల్‌గా మారుతూ, పొగని చల్లార్చడానికి కణం దాచుకున్న సరంజామాని ఖర్చు పెట్టించేస్తుంది. మిగతా సందుల్లో ఒకటి నాళానికి లీకేజీ తెప్పిస్తుంది, ఒకటి ప్రొటీన్లకి అంటుకుని వాటి పని చెడగొడుతుంది. ఈ విడివిడి సందులన్నీ ఒకే పొయ్యి పొగ దగ్గర మొదలవుతున్నాయని 2001లో మైకేల్ బ్రౌన్లీ అనే అమెరికన్ డాక్టరు ప్రతిపాదించాడు. ఆయనకి చిన్నప్పటి నుంచీ షుగరు.

ఇక ప్రొటీన్లకి చక్కెర అంటుకోవడం సంగతి. ఇది నాకు పుట్టింటి విషయం.

పెనంలో చెరుకు రసం మరుగుతూంటే పైన తెట్టు తీసేస్తూ ఉండాలి. పచ్చటి రసం పసుపుకి తిరిగి, బంగారు రంగొచ్చి, పాకం పడుతుంది. సరిగ్గా అప్పుడు దించాలి. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే పాకం ముదిరి దిమ్మ నల్లగా వస్తుంది. మార్కెట్లో వర్తకుడు గోరుతో గీకి చూసి, రంగు తక్కువని ధర తెగ్గోసేవాడు. ఆ నలుపులో కొంత చక్కెర మాడినందువల్ల, కొంత రసంలోని ప్రొటీన్ ముక్కలతో చక్కెర కలిసినందువల్ల వస్తుంది. దోసె ఎర్రగా కాలినప్పుడు వచ్చే రంగూ కమ్మటి వాసనా కూడా చాలావరకు ఆ కలయికవే. 1912లో లూయీ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని వివరించాడు.

అదే రసాయనం, పొయ్యీ పెనమూ లేకుండా, మన ఒంటి వేడికే మెల్లగా సాగుతూ ఉంటుంది. రక్తంలో చక్కెర ఎంత ఎక్కువుంటే అంత జోరుగా. ఎర్ర రక్తకణంలో హీమోగ్లోబిన్‌కి చక్కెర అంటుకుంటుంది. ఎర్ర కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, ఎంత అంటుకుందో కొలిస్తే గడిచిన రెండు మూడు నెలల సరాసరి తెలుస్తుంది. మీ రిపోర్టుల్లో హెచ్‌బీఏ1సీ అని ఉండేది ఇదే. షుగరు వాళ్ళ హీమోగ్లోబిన్‌లో ఏదో తేడా ఉందని 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహబర్ అనే డాక్టరు గమనించాడు. ఎర్ర కణం చచ్చిపోతే దానికి అంటుకున్న చక్కెర కూడా దానితోనే పోతుంది. రక్తనాళం గోడలో ఉండే కొల్లాజెన్ మాత్రం ఏళ్ళూ పూళ్ళూ అలాగే ఉంటుంది. దానికి అంటుకున్నది ముదిరి, ఒక పోగుని ఇంకో పోగుకి అతికించేస్తుంది. సాగాల్సిన గోడ బిర్రబిగుస్తుంది.

ఇన్ని చెప్పే నేను మా నాన్నని ఎంత ఆలస్యంగా కెమెరా ముందు కూర్చోబెట్టానో చెబితే నవ్వుతారు. ఆయనకి పదకొండేళ్ళుగా షుగరు. నెలకోసారి ఊళ్ళో ఒక క్లినిక్కుకి వెళ్ళి పరగడుపున వేలు పొడిపించుకుని వచ్చేవాడు. రీడింగు ఎప్పుడూ 120, 130. "కంట్రోల్లో ఉంది పాపా" అనేవాడు. ఆ క్లినిక్కులో ఒక్కసారి కూడా ఏ1సీ రాయలేదు, కళ్ళు చూపించుకోమనీ చెప్పలేదు. తర్వాత అమ్మ అసలు విషయం చెప్పింది. పరీక్షకి రెండు రోజుల ముందు నుంచీ ఆయన అన్నం మానేసి, జావ తాగి, పొలం గట్టు మీద తెగ నడిచేవాడట! పరీక్షయిన సాయంత్రం గానుగ దగ్గర వేడి పాకం గరిటెడు. "చక్కెరైతే తప్పు గానీ బెల్లానికేటవుద్ది" అనేది ఆయన సిద్ధాంతం. ఇదే మాట రోగులు నన్ను వారానికి నలుగురైనా అడుగుతారు. బెల్లం ఇంట పుట్టినదాన్ని కాబట్టి తడుముకోకుండా చెబుతాను: బెల్లంలో ఉండేదీ చక్కెరే. రక్తంలోకి వెళ్ళాక లోపలి పొరకి రెండింటికీ తేడా తెలియదు.

నాన్నకి ఏ1సీ చేయిస్తే 10.4 వచ్చింది. రెండు రోజుల పస్తు వేలి చుక్కని మోసగించగలిగింది గానీ హీమోగ్లోబిన్‌ని మోసగించలేకపోయింది. ఆరోజు "రెప్ప వాల్చకు నాన్నా" అని ఫ్లాష్ కొట్టాను. కుడి కంటి బొమ్మలో పదహారు ఎర్ర చుక్కలు లెక్కపెట్టాను. ఎడమ కంట్లో చూపు మధ్యభాగానికి పక్కనే అర్ధచంద్రాకారంలో పసుపు మరకలు. ఆయన చార్టులో ఆఖరి వరస దాకా చదివేశాడు. చదివేసి గర్వంగా నా వైపు చూశాడు.

ఆ చుక్క అంటే ఏమిటో చెబుతాను. కేశనాళికలో లోపలి పొరని బయట నుంచి చేతులతో కావిలించుకున్నట్టు పట్టుకుని ఇంకో రకం కణాలుంటాయి, పెరిసైట్లు. కంటి తెరలో ఇవి చాలా దట్టం, దాదాపు ఒక్కో లోపలి పొర కణానికి ఒక్కోటి కాపలా. 1961లో అమెరికాలో డేవిడ్ కోగన్ బృందం, చనిపోయినవాళ్ళ కంటి తెరని ఒక ఎంజైముతో కరిగించి, నాళాల వల ఒక్కటే మిగిలేలా చేసి సూక్ష్మదర్శినిలో చూసింది. షుగరు ఉన్నవాళ్ళ నాళాల్లో కాపలా కణాలు మాయమై, వాటి చోట ఖాళీ గూళ్ళలాంటివి కనిపించాయి. కావిలించుకున్న చేతులు లేని చోట గోడ ఉబ్బుతుంది, అరిగిన సైకిల్ టైరులోంచి ట్యూబు బుడగలా పైకొచ్చినట్టు. నా స్క్రీన్ మీద ఎర్ర చుక్క ఆ బుడగే. చాలాసార్లు బుడగ కారుతుంది. నీరు ఇంకిపోతుంది, దానితో వచ్చిన కొవ్వు మిగిలి పసుపు మరకవుతుంది. ఆ నీరు చూపు మధ్యభాగంలో నిలిస్తే అక్షరాలు వంకర్లు పోతాయి.

ఇంకా ముదిరితే సన్న నాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని తెర ఆకలితో సంకేతాలు పంపుతుంది. దానికి కొత్త నాళాలు పుడతాయి గానీ అవి తాటాకు పందిరికి వేసిన పురికొసల్లాంటివి. ఒకరోజు పొద్దున్నే చిట్లుతాయి. "రాత్రి బాగానే పడుకున్నాను, లేచేసరికి కంట్లో నల్లటి సాలెగూడు" అని వచ్చేవాళ్ళు వాళ్ళే. అప్పుడు లేజరు, కంట్లో ఇంజెక్షన్లు, ఒక్కోసారి ఆపరేషను. మూత్రపిండాల్లో, కాళ్ళ నరాల్లో, గుండె ధమనుల్లో దెబ్బ రూపం వేరుగా ఉన్నా మొదలు ఇలాంటిదే. అవి నా కెమెరాకి అందవు.

మా రోగులకి నచ్చని మాట ఇంకొకటి ఉంది. చక్కెర తగ్గించాక కూడా ఈ కణాలు పాత సంగతి మర్చిపోవు. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 దాకా టైప్ 1 షుగరు ఉన్న 1,441 మంది మీద పెద్ద పరిశీలన జరిగింది. ఒక జట్టుకి చక్కెర గట్టిగా అదుపు చేసి ఏ1సీ 7 దగ్గర ఉంచారు, రెండో జట్టుకి అప్పటి మామూలు వైద్యం, ఏ1సీ 9 దగ్గర. మొదట్లో కంటి జబ్బు లేనివాళ్ళలో, గట్టి అదుపు వల్ల అది వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. పరిశీలన ముగిశాక రెండు జట్లకీ ఏ1సీ ఇంచుమించు 8 దగ్గర కలిసిపోయింది. అయినా తర్వాత ఏళ్ళ తరబడి, మొదట్లో అదుపులో ఉన్నవాళ్ళకే కళ్ళు మేలుగా ఉన్నాయి. ఎందుకిలా అన్నదానికి 2008లో ఒక ప్రయోగం కొంత జవాబిచ్చింది. మనిషి ధమని లోపలి పొర కణాల్ని గాజు పళ్ళెంలో పెంచి 16 గంటలు ఎక్కువ చక్కెరలో ఉంచారు. తర్వాత మామూలు చక్కెరకి మార్చారు. జన్యువుల మీద ఆ పదహారు గంటలు పెట్టిన గుర్తులు ఆరు రోజుల తర్వాత కూడా చెరగలేదు.

పళ్ళెంలో కణాలకీ నిండు మనిషికీ తేడా ఉంది, నిజమే. అయినా ఆ శనివారం క్లాసు అయ్యాక మేడ మెట్లు దిగుతూ, నాన్న పదకొండేళ్ళని గంటల్లోకి మార్చి లెక్క వేసుకున్నాను. వెయ్యకుండా ఉండాల్సింది.

నాన్న ఇప్పుడు మందులు వేళకి వేసుకుంటున్నాడు. ఏ1సీ ఒక్కసారిగా కాకుండా ఏడాదిలో 7.2కి దిగింది. బీపీ కూడా అదుపులో పెట్టారు. సన్న నాళాలకి చక్కెరంత శత్రువు అదీ. చుట్ట మానిపించడానికి మాత్రం అమ్మ అలిగి మా ఇంట్లో నెల్లాళ్ళు ఉండాల్సొచ్చింది. ఎడమ కంట్లో నాలుగు ఇంజెక్షన్లు పడ్డాయి, పసుపు అర్ధచంద్రం సగం కరిగింది. కుడి కంట్లో పదహారు చుక్కలు పన్నెండయ్యాయి. ఎక్కడా కొత్తవి రాలేదు. పోయిన వారం ఫొటో తీసినప్పుడు నేను చెప్పకుండానే గడ్డం ఆనించి, "ఎన్నున్నాయే?" అని అడిగాడు.

2023లో వెలువడ్డ ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు పది కోట్ల పైచిలుకు. టైప్ 2 అయితే షుగరు అని తెలిసిన నాడే, టైప్ 1 అయితే ఐదేళ్ళకి మొదటి కంటి పరీక్ష, ఆ తర్వాత డాక్టరు వేరేలా చెబితే తప్ప ఏటా ఒకటి చేయించుకోవాలి. సుబ్బరంగా కనిపిస్తున్నా రండి. వచ్చేటప్పుడు ఇంట్లో ఎవరినైనా తోడు తెచ్చుకోండి, బండి మీరు నడపొద్దు. కంటిపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేస్తాం, నాలుగైదు గంటలు ఎండ చూడలేరు. నల్ల కళ్ళజోడు ఉంటే జేబులో వేసుకోండి. ఏ1సీ కాగితం కూడా.